టార్చి అంటే లైటా, మంటా?

గత సంచికలో ఒక పాఠకుడు రాగి గొట్టాల అతుకుల గురించి అడిగినప్పుడు నాలుగు వాక్యాలలో జవాబు చెప్పి, అందులో ‘బ్లో టార్చ్’ అనే మాటను ఏ వివరణా లేకుండా వాడి ఊరుకున్నాను. అది గ్యాసుతోనో నూనెతోనో బలమైన మంటను చిమ్మే చేతి పనిముట్టు. ఆ మాటను పట్టుకుని ఈ నెల కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని ఇద్దరు కోరినందున అందరి పేర్లనూ విడిచి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా చిన్నబ్బాయి కడపలో ఏసీ మెకానిక్కు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఒకనాడు ఫోను చేసి, “అమ్మా, అల్మారా మీద టార్చి మరిచిపోయి వచ్చినా, ఎవరితోనైనా పంపు” అన్నాడు. నేను బ్యాటరీ లైటు పంపించాను. వాడు అడిగింది మంట వచ్చే టార్చి అట. సాయంత్రం ఇంటికి వచ్చి వాడు నవ్విన నవ్వు మా ఇంట్లో ఇంకా ఆగలేదు. వెలుగు ఇచ్చేదీ, కాల్చేదీ రెండూ టార్చి ఎట్లా అయినాయి? దానికి ముందు ‘బ్లో’ ఎందుకు? తెలుగులో దీనికి పేరు ఉందా? – ఒక గృహిణి, ఎర్రగుంట్ల

జవాబు: మీరు పంపినదీ టార్చే కాబట్టి మీ వైపు తప్పేమీ లేదమ్మా. ఇంగ్లీషు మాట్లాడే రెండు దేశాలు ఒకే మాటను చెరొక దారిన తీసుకుపోయాయి. ఆ రెండు దారులూ వచ్చి మీ ఇంటి అల్మారా మీద కలుసుకున్నాయి.

టార్చ్ అనే మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్‌లో మెలితిప్పడం, పురిపెట్టడం అనే అర్థం గల ధాతువు. నార పీచునో పాత గుడ్డనో గట్టిగా పురిపెట్టి, మైనంలోనో కొవ్వులోనో ముంచి, కర్ర కొసన కట్టి వెలిగించే వస్తువుకు ఆ పురిని బట్టే పేరు పెట్టారు. అంటే అది వెలుగును చూసి పెట్టిన పేరు కాదు, మంటను చూసి పెట్టినదీ కాదు. మీ అబ్బాయి పనిచేసే చోటికి దగ్గరలో కార్లు బాగుచేసే షెడ్డు ఉంటే, బోల్టులను లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచి అక్కడ ఉంటుంది. ఆ టార్క్ కూడా ఈ ధాతువు నుంచి పుట్టినదే. మనిషిని మెలిపెట్టి హింసించడాన్ని టార్చర్ అనడమూ అక్కడి నుంచి వచ్చినదే. మన వైపు పేరు పెట్టిన తీరు కూడా దీనికి దగ్గరగానే ఉంది. దివిటీ అనే మాట దీపవర్తి నుంచి వచ్చింది. వర్తి అంటే వత్తి, అంటే చుట్టి పేనినది. పాత పంచె గుడ్డను పేని ఇనుప కడ్డీకి చుట్టి, నడుమ నడుమ ఆముదం పోస్తూ దేవుడి ఊరేగింపు ముందు పట్టుకుని నడిచే దివిటీని చూసినవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు.

పందొమ్మిదో శతాబ్ది చివర బ్యాటరీతో వెలిగే చేతి దీపాలు వచ్చినప్పుడు బ్రిటిషువారు వాటిని ఎలక్ట్రిక్ టార్చ్ అన్నారు. వాడుకలో ముందరి మాట జారిపోయి టార్చ్ ఒక్కటే మిగిలింది. అమెరికావారు ఆ దీపానికి ఫ్లాష్‌లైట్ అని వేరే పేరు పెట్టుకున్నందువల్ల వారికి టార్చ్ అంటే మంటగానే నిలిచిపోయింది. మీ అబ్బాయి అడిగిన పనిముట్టును బ్రిటనులో బ్లో ల్యాంప్ అనీ, అమెరికాలో బ్లో టార్చ్ అనీ అంటారు. మనకు ఇంగ్లీషు బ్రిటిషువారి చేతుల మీదుగా వచ్చింది కనుక, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి రైతు పొలానికి పట్టుకుపోయేది టార్చి లైటు అయింది. పనిముట్ల పెట్టెల మీద, ఫోనులో చూసే వీడియోలలో అమెరికా మాట దిగింది కనుక ఏసీ మెకానిక్కు చేతిలోనిదీ టార్చి అయింది.

ఇక ‘బ్లో’ సంగతి. ఇంగ్లీషులో గాలి వీచడానికీ, నోటితో ఊదడానికీ, కొట్టిన దెబ్బకూ ఈ ఒక్క మాటనే వాడతారు. మంట దెబ్బ కొట్టినట్లు తగులుతుంది కనుక ఆ పేరు వచ్చిందని ఒకరిద్దరు నాతో నమ్మకంగా చెప్పారు కాని, అది సరికాదు. ఇక్కడ బ్లో అంటే ఊదడమే. కంసాలి నోట పెట్టుకుని దీపపు మంటలోకి గాలి ఊదే గొట్టాన్ని ఇంగ్లీషులో బ్లో పైప్ అంటారు. ఆ గొట్టం చేసే పనిని మనిషి నోటితో పనిలేకుండా చేసే దీపం బ్లో ల్యాంప్ అయింది, కాగడా బ్లో టార్చ్ అయింది. బ్లో పైపుకు మనకు ఊదుగొట్టం అనే సొంత మాట ఉండనే ఉంది కాబట్టి, బ్లో టార్చికి తెలుగు పేరు కావాలంటే ‘ఊదు దివిటీ’ అని కూర్చుకోవచ్చు. అయితే ఆ పేరుతో అడిగితే ఏ షాపులోనూ ఎవరూ దానిని అందించరు. పని జరగాలంటే టార్చి అనే అనాలి. ఊదు అనగానే ఊదుబత్తి గుర్తుకు వచ్చేవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ ఊదు మన ఊదు కాదు, అది అగరు చెక్కకు అరబ్బీలో ఉన్న పేరు. దాని వెనుక ఉన్న బత్తి మాత్రం మళ్లీ ఆ వర్తే.

ఇప్పటి టార్చిలో పురి పెట్టిన గుడ్డా లేదు, ఊదే నోరూ లేదు. అయినా ఊదడం మాత్రం జరుగుతూనే ఉంది. మంట ఆర్పి చల్లారిన తరువాత, గొట్టం మొదట్లో పక్కగా ఉన్న చిన్న రంధ్రాలను మీ అబ్బాయిని చూపించమనండి. సూదిమొన అంత సందులో నుంచి గ్యాసు వేగంగా దూకుతూ, ఆ రంధ్రాల గుండా బయటి గాలిని తన వెంట లాక్కుపోతుంది. మన కాలేజీ ప్రయోగశాలల్లోని బున్సెన్ బర్నరు 1855 నుంచి చేస్తున్నదీ ఇదే. ఆ రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతే, గురగురమని నీలంగా మండే మంట మెత్తబడి, పసుపుపచ్చగా మారి మసి కక్కుతుంది.

మీ అబ్బాయి పనికి సంబంధించి ఒక హెచ్చరిక కూడా చేయాలి. లోపల ఉండే, చల్లబరిచే గ్యాసును పూర్తిగా తీసివేయనిదే ఏసీ గొట్టానికి మంట తగిలించరాదు. పాత ఏసీలలోని ఆర్-22 అనే గ్యాసు మంట తగిలితే విషవాయువులుగా విడిపోతుంది. కొత్త వాటిలోని ఆర్-32 తానే అంటుకోగలదు.

ప్రశ్న: నేను కేబుల్ జాయింటరుగా, అంటే కేబుళ్లకు అతుకులు వేసే పనిలో ఉండి విరమించినవాడిని. మా పనిముట్ల పెట్టెలో ఇత్తడి బ్లో ల్యాంపు ఉండేది. స్పిరిటు పోసి వెలిగించడం, పంపు కొట్టడం, పిన్ను పెట్టి పొడవడం అంతా మా ఇంటి పంపు స్టవ్వు లాగానే ఉండేది. స్టవ్వును చూసి ల్యాంపు చేసినారా, ల్యాంపును చూసి స్టవ్వు చేసినారా? – ఒక విశ్రాంత ఉద్యోగి, ఆదోని

జవాబు: ల్యాంపును చూసే స్టవ్వు చేశారు. స్వీడన్‌కు చెందిన కార్ల్ రిచర్డ్ నైబర్గ్, ద్రవ ఇంధనాన్ని ఆవిరిగా మార్చి మండించే చేతి ల్యాంపును రూపొందించి 1882లో తయారీ మొదలుపెట్టాడు. వాటిని అమ్మిపెట్టిన మాక్స్ సీవర్ట్ ఇంటిపేరు నేటికీ టార్చిల మీద కనిపిస్తుంది. ఆ ల్యాంపులో అడ్డంగా దూకే మంటను నిలువుగా తిప్పి, పైన గిన్నె పెట్టుకునే ఏర్పాటు చేస్తే అది పంపు స్టవ్వు. 1892లో అదే దేశంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ ఆ పని చేశాడు. ప్రైమస్ పేరుతో లోకమంతా తిరిగిన ఆ స్టవ్వు, మసి లేకుండా కిరసనాయిలును మండించడంతో మన వంటిళ్లలోకీ వచ్చింది. నైబర్గ్‌కు ల్యాంపులతో తృప్తి కలగలేదు. తన ల్యాంపులు నాలుగింటిని బాయిలరు కింద పెట్టి, ఆ ఆవిరితో నడిచే విమానాన్ని తయారు చేశాడు. దానికి అతడు పెట్టిన పేరుకు స్వీడిష్ భాషలో ఈగ అని అర్థం. అది చిన్న గెంతులు వేయడం తప్ప ఎగరలేదు.

దీని పనితీరు మీకు తెలియనిది కాదు. గ్యాసు స్టవ్వులే చూసి పెరిగిన పాఠకుల కోసం రాస్తున్నాను. కిరసనాయిలు ద్రవరూపంలో సరిగా మండదు, ఆవిరి కావాలి. అందుకు ఇంచుమించు 150 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. అందుకే మొదట బర్నరు కింద ఉన్న చిన్న గిన్నెలో స్పిరిటు పోసి వెలిగించి, గొట్టం బాగా కాగేదాకా ఆగుతాము. ఆ తరువాత పంపు కొడితే, ట్యాంకులో నూనె మీద చేరిన గాలి నూనెను కాగిన గొట్టంలోకి ఎక్కిస్తుంది. అక్కడ ఆవిరైన నూనె నిప్పిల్ అనే సన్నని మూతి సందులో నుంచి దూకి, గాలిని కలుపుకుని మండుతుంది. ఆ మంట గొట్టాన్ని కాగబెడుతూనే ఉంటుంది కనుక ఇక స్పిరిటుతో పని లేదు. మంట తన కూడు తానే వండుకుంటుంది.

గొట్టం కాగకముందే తొందరపడి పంపు కొడితే ఏమవుతుందో పుస్తకం చూసి నేర్చుకోలేదు. అనంతపురంలో చదువుకునే రోజుల్లో అద్దె గదిలో పంపు స్టవ్వు మీద అన్నం వండుకునేవాణ్ణి. ఒక ఉదయం స్పిరిటు సీసా అడుగంటి ఉంటే, ఉన్న నాలుగు చుక్కలే పోసి, మంట కొండెక్కకముందే పంపు మీద పంపు కొట్టాను. నూనె ద్రవంగానే చిమ్మి, మూర పొడవున పసుపు మంట లేచింది. క్షణకాలం చెవుల్లో బుస్సుమనే చప్పుడు, తరువాత వెంట్రుకలు కాలిన కమురు వాసన. ఎడమ కనుబొమ్మ మొత్తం పోయింది. వారం రోజులు తరగతిలో ఎడమ చేతి మీద తల ఆనించుకుని కూర్చున్నాను. అధ్యాపకులు దానిని శ్రద్ధగా భావించారు.

జాయింటరు పనిలోని నేర్పు గురించి ఒక్కమాట రాయకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. కేబుల్ సీసపు తొడుగు 327 డిగ్రీలకు కరిగిపోతుంది. దాని మీద పట్టించే తగరం, సీసం కలిపిన అతుకు 183 డిగ్రీల వద్ద మెత్తబడి, దాదాపు 250 దాకా ముద్దలాగే ఉంటుంది. ల్యాంపు మంట వేడి వెయ్యి డిగ్రీలకు ఎంతో పైన. అంత మంటను తెస్తూ, తీస్తూ, కొవ్వు రాసిన గుడ్డతో ఆ ముద్దను గుమ్మడికాయలాగా నున్నగా తుడిచి నిలబెట్టాలి; మంట ఒక్క చోట ఆగితే తొడుగు కారిపోతుంది. అక్కడ కొలిచే పరికరం జాయింటరు కన్ను ఒక్కటే.

ప్రశ్న: మా నాయన కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతోనే పని చేసేవాడు. నేను గ్యాసు, కాలితో తొక్కే తిత్తి వాడుతున్నాను. మా వాడు ఆక్సిజన్ సిలిండరు పెట్టమంటున్నాడు. ఈ మూడింటికీ వేడిలో తేడా ఎంత? మంటలో ఎక్కడ వేడి ఎక్కువ? – ఒక స్వర్ణకారుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ ఇంట్లో మూడు తరాలు మారినవి మంటలు కావు, గాలి పెట్టే విధానాలు. మీ నాయనగారు ఊపిరితో ఇచ్చిన దానిని మీరు కాలితో ఇస్తున్నారు, మీ వాడు సీసాలో కొనుక్కుంటానంటున్నాడు.

నోటితో ఊదడం ఎంత పాతదంటే, ఈజిప్టులో సక్కారా సమాధుల గోడల మీద నాలుగు వేల ఏళ్లకు పైబడిన శిల్పాలలో, నిప్పుల చుట్టూ కూర్చుని గొట్టాలతో ఊదుతున్న లోహకారులు కనిపిస్తారు. పని తెలిసిన కంసాలి ఊదుడు మధ్యలో తెగదు. బుగ్గల్లో నిలిపిన గాలిని గొట్టంలోకి నెడుతూనే ముక్కుతో ఊపిరి పీల్చుకుంటాడు. నాదస్వర విద్వాంసుడు చేసేదీ ఇదే. ఈ గొట్టంతో ఆభరణాలే కాదు, రసాయన శాస్త్రమూ తయారైంది. 1751లో నికెల్ లోహాన్ని కనుగొన్న స్వీడన్ శాస్త్రవేత్త ఆక్సెల్ క్రోన్‌స్టెట్, ఖనిజాలను ఊదుగొట్టపు మంటలో పరీక్షించే పద్ధతికి దారి వేసినవారిలో ఒకడు. మీరు అతుకు దగ్గర చల్లే వెలిగారాన్నే (బోరాక్స్) ఆ పరీక్షల్లోనూ వాడేవారు. వెలిగారపు పూస మంటలో తేలే రంగును బట్టి ఖనిజంలో ఏ లోహం ఉందో చెప్పేవారు.

ఇక వేడి లెక్క. వంటగ్యాసులో ఉండే ప్రొపేన్ మామూలు గాలితో కలిసి మండితే మంట అత్యధికంగా 1,980 డిగ్రీల దాకా పోగలదు. ఆక్సిజన్‌తో మండితే 2,800 డిగ్రీలు దాటిపోతుంది. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు మండడానికి పనికిరాని నత్రజని. ఆ నాలుగు పాళ్లనూ ఊరికే కాగబెట్టవలసిన ఖర్చు ఆక్సిజన్ వాడితే ఉండదు. తేడా అంతా అక్కడే ఉంది. కాని మీకు కావలసినది ఎంత? వెండి 962, బంగారం 1,064, రాగి 1,085 డిగ్రీలకు కరుగుతాయి. మీ తిత్తి మంటకే ఈ మూడూ లొంగుతాయి. ఆక్సిజన్ వల్ల లాభం సూదిమొన వంటి చిన్న మంటతో, పక్క అతుకు కదలకుండా త్వరగా పని ముగించడం. నష్టం ఏమిటంటే, సన్నని గొలుసు కొలికి మీద కన్ను మూసి తెరిచేలోపు అతుకుకు బదులు కొలికే కరిగి గుండు అవుతుంది. మీ అబ్బాయికి మీ మంట మీద చేయి కుదిరిన తరువాతనే ఆక్సిజన్ తెప్పించడం మంచిదని నా అభిప్రాయం. తెప్పించినప్పుడు మాత్రం దాని వాల్వుకు, రెగ్యులేటరుకు నూనె గాని గ్రీజు గాని తగలనివ్వవద్దు. నూనె చేతితో తిప్పవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నూనె దానంతట అదే భగ్గుమంటుంది.

మంటలో వేడి ఎక్కడ ఎక్కువ అన్నారు. మంట లోపల మొనదేలిన లేత నీలి కొన ఒకటి ఉంటుంది. ఆ కొన లోపల ఉన్నది ఇంకా మండని గ్యాసు, అది చల్లన. కొనకు కాస్త ముందు, గోరంత దూరంలో అసలు వేడి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు నగను మంట మూతికి ఆనించి, వేడి చాలలేదని గ్యాసు పెంచుతారు. నగను వెనక్కు జరిపితే చాలు.

ప్రశ్న: తొలకరి వానలు పడగానే మా చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మెరిసే రాయి దొరికితే గ్యాసు టార్చితో ఎర్రగా కాల్చి చూడమని, పగిలితే రాయి, పగలకపోతే వజ్రమని కొందరు చెబుతున్నారు. ఇది నిజమైన పరీక్షేనా? – ఒక రైతు, తుగ్గలి

జవాబు: దయచేసి ఆ పని చేయవద్దు. దొరికినది నిజంగా వజ్రమే అయితే దానిని చేతులారా పాడుచేసుకున్నవారు అవుతారు.

వజ్రం గట్టిది కనుక మంటకు చెక్కుచెదరదని అందరూ అనుకుంటారు. గట్టితనం వేరు, మండకపోవడం వేరు. వజ్రం పూర్తిగా కర్బనం, అంటే మన బొగ్గులో ఉన్న పదార్థమే. ఫ్రాన్సులో లవోజియే 1772లో పెద్ద కటకాలతో సూర్యకాంతిని వజ్రం మీదికి కేంద్రీకరించి, అది మండుతుందని చూపించాడు. వజ్రంలో కర్బనం తప్ప మరేదీ లేదని ఇంగ్లండులో స్మిత్‌సన్ టెన్నంట్ 1797లో రుజువు చేశాడు. గాలి తగులుతుండగా 700 నుంచి 850 డిగ్రీల మధ్య వజ్రం పైపొర కాలడం మొదలవుతుంది. బూడిద కూడా మిగలదు, కాలినంత మేర వాయువై పోతుంది. రాయి మీద ఉప్పు మంచు పట్టినట్లు తెల్లని మసక మాత్రం మిగులుతుంది. గాలి తగలనిచోట ఈ వేడికి వజ్రానికి ఏమీ కాదు. అందుకే, రాయి పొదిగి ఉన్న ఉంగరాన్ని అతికించవలసి వచ్చినప్పుడు కంసాలులు బోరిక్ పొడిని స్పిరిటులో కలిపి రాయికి పూత పెడతారు. ఆ పూత గాలిని ఆపుతుంది.

మరి ఆ పరీక్షలో మిగిలిన రాళ్లు ఏమవుతాయో చూడండి. చేలల్లో ఎక్కువగా దొరికే పలుగురాయి 573 డిగ్రీల వద్ద లోపలి అమరిక మార్చుకుని ఉన్నట్టుండి ఉబ్బుతుంది, అందుకే తరచుగా చిట్లుతుంది. బజారులో అమ్మే నకిలీ జిర్కోనియా రాయి మాత్రం మీ టార్చిని లెక్కచేయదు, అది కరగాలంటే 2,700 డిగ్రీలు కావాలి. అంటే మీకు చెప్పిన పరీక్షలో నకిలీ నెగ్గుతుంది, అసలు చెడుతుంది.

టార్చి పక్కన పెట్టి, ఉత్తి నోటితో ఊది చూడండి. అద్దం తుడవడానికి హా అని వేడి ఊపిరి విడిచినట్లు, తుడిచి ఆరబెట్టిన రాయి మీద విడవండి. వజ్రం వేడిని రాగి కంటే అయిదు రెట్లు వేగంగా లాగివేస్తుంది కనుక ఆవిరి పొర పట్టీ పట్టకముందే మాయమవుతుంది. గాజు మీద, పలుగురాయి మీద కొన్ని క్షణాలు నిలుస్తుంది. కొనుగోలుదారుల చేతిలో ఉండే చిన్న పరీక్ష యంత్రం కొలిచేదీ వేడి పాకే ఈ వేగాన్నే. ఊపిరి పరీక్షతో రాయి తేలిపోయిందని అనుకోవద్దు, ఆశ పెట్టుకోవచ్చునా లేదా అని మాత్రం తెలుస్తుంది. నమ్మదగిన మరో పరీక్ష బరువు: ఒకే పరిమాణపు నీటి కంటే వజ్రం 3.52 రెట్లు, పలుగురాయి 2.65 రెట్లు బరువు ఉంటాయి. సన్నని త్రాసు ఉన్న ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా దీనిని రాయికి దెబ్బ తగలకుండా తేల్చవచ్చు.

ప్రశ్న: మా వీధిలో మాంసం అంగడి పక్కన తలకాయలు, కాళ్లు కాల్చి ఇచ్చే ఆయన ఉన్నాడు. ఇదివరకు కట్టెల మంట మీద కాల్చేవాడు. ఇప్పుడు ఇంట్లో వాడే సిలిండరుకు పైపు తగిలించి టార్చితో కాలుస్తున్నాడు. కాళ్ల పులుసుకు ఆ రుచి రావడం లేదని మా అమ్మగారు అంటున్నారు. రుచి నిజంగానే మారుతుందా? ఇది ప్రమాదం కాదా? – ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మీ అమ్మగారి నాలుక సరిగానే చెబుతోంది. కట్టె మండేటప్పుడు వచ్చే పొగ, కాలుతున్న తోలుకు పడుతుంది. మనం రుచి అనుకునే దానిలో సగం ఆ పొగ వాసన. సరిగా గాలి అందిన గ్యాసు మంటలో పొగ లేదు కనుక ఆ వాసనా లేదు. ఈ ఉత్తరం అందిన తరువాత వచ్చిన ఆదివారం, అటువంటి అంగడి ముందు అరగంట నిలబడి చూశాను. ఆయన పొట్టేలు తలను ఇనుప కొక్కేనికి గుచ్చి, చెవి వెనుక, కంటి చుట్టూ, దవడ కింద మంటను చీపురుతో ఊడ్చినట్లు తిప్పుతున్నాడు. వెంట్రుక చిటచిటమని ముడుచుకుని రాలగానే కత్తి వెన్నుతో గీకి, మళ్లీ మంట పెడుతున్నాడు. కట్టెల మీద పావుగంట పట్టేది అయిదు నిమిషాలలో అయిపోతోందన్నాడు. కాలు గిట్టల సందుల్లోకి కట్టెల మంట పోదు, టార్చి మంట పోతుంది. శుభ్రత విషయంలో కొత్త పద్ధతిదే పైచేయి. మంట పసుపుపచ్చగా ఉంటే మాత్రం తలకాయ మీద నల్లగా పట్టేది కాలిన తోలు కాదు, మసి. అది పసుపు నీళ్లతో కడిగినా పూర్తిగా పోదు. అటువంటప్పుడు టార్చి రంధ్రాలు శుభ్రం చేసి కాల్చమని అడిగే హక్కు డబ్బు ఇచ్చే మీకు ఉంది.

ప్రమాదం సంగతి వేరు. 14.2 కిలోల సిలిండరు ఇంటి వంటకు మాత్రమే ఇస్తారు, వ్యాపారానికి వాడడం నిబంధనలకు విరుద్ధం. అంగళ్లకు 19 కిలోలది ఉంది. అంతకంటే భయపెట్టేది రెగ్యులేటరు. ఇంటి రెగ్యులేటరు ఒత్తిడిని బాగా తగ్గించి పంపుతుంది, ఆ ఒత్తిడికి టార్చి మంట దూకదు. అందుకని కొందరు రెగ్యులేటరు తీసివేసి పైపును నేరుగా బిగిస్తారు. టార్చి కోసం చేసిన అధిక ఒత్తిడి రెగ్యులేటరు, దానికి తగిన పైపు విడిగా దొరుకుతాయి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవం పైపులోకి వస్తుంది. వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక కారినది పైకి పోదు, నేలబారున పాకి అంగడి ముందున్న మురికి కాలువలో నిలుస్తుంది. వాసన వచ్చినట్లయితే స్విచ్చుల జోలికి పోకుండా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.

ఆ అంగడి ఆయన పని ముగించిన తీరు నాకు నచ్చలేదు. టార్చి మరను తిప్పి మంట ఆర్పి, సిలిండరును అలాగే వదిలి టీ తాగడానికి పోయాడు. పైపు నిండా గ్యాసు ఒత్తిడితో నిలిచి ఉంది, పైపు పక్కనే వేడి ఆరని కొక్కెం పడి ఉంది. మొదట సిలిండరు వాల్వు మూయాలి, పైపులో మిగిలిన గ్యాసు మండి మంట దానంతట అదే ఆరేదాకా టార్చిని చేతిలోనే పట్టుకుని ఉండాలి, ఆ తరువాత టార్చి మర మూయాలి. ఆయన తిరిగి వచ్చాక ఈ మాట చెప్పాను. “అంతసేపు పట్టుకోని నిలబడాల్నా సార్?” అన్నాడు. గడియారం పెట్టి చూశాము, పదకొండు సెకన్లు పట్టింది.